ఇథియోపియా పల్లెల్లో కుటుంబాల ఫోటోలు: తెల్ల గాబీ దుప్పటి పక్కన నల్లని ముఖం, ఊళ్లోనే ప్రింటు

బోర్డుచాక్‌పీస్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సెప్టెంబరు నుంచి రెండేళ్లు ఇథియోపియా దక్షిణాన అర్బా మించ్‌లో పాఠాలు చెప్పే పని ఒప్పుకున్నాను. ఊరు 1,300 మీటర్ల ఎత్తులో ఉంది. పైన దోర్జే, చెంచా వైపు గామో కొండలు 2,500 మీటర్లు దాటతాయి. సెలవు రోజుల్లో ఆ కొండ పల్లెలకు వెళ్లి కుటుంబాల పోర్ట్రెయిట్లు, బడి పిల్లల ఫోటోలు తీసి ప్రింట్లు వాళ్లకే ఇవ్వాలని ఆలోచన. ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, 35 ఎంఎం ఎఫ్/2, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సులు, చిన్న ఫ్లాష్ ఉన్నాయి. ప్రింటర్ ఇంకా కొనలేదు.

నెట్‌లో అక్కడి ఫోటోలు చూస్తే సగం వాటిలో ముఖాలు బొగ్గులా ఉన్నాయి, మిగతా సగంలో పాలిపోయి ఉన్నాయి. ఇది ఎందుకవుతోంది, ఎలా తప్పించుకోవాలి? తీసిన వెంటనే ప్రింటు ఇచ్చే ఇన్‌స్టాక్స్ కెమెరా మేలా, చిన్న ప్రింటర్ మేలా? ఎవరి దగ్గర అనుమతి తీసుకోవాలి, డబ్బు అడిగితే ఏం చేయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

స్పాట్‌మీటర్

చిక్కు నల్లని చర్మం వల్ల రాదండీ, దాని పక్కనే ఉండే తెల్లబట్ట వల్ల వస్తుంది. గామో కొండల్లో చలి. పొద్దునా సాయంత్రం ఇంటిల్లిపాదీ గాబీ కప్పుకునే కనిపిస్తారు. అది నాలుగు పొరల మందపాటి నూలు దుప్పటి, దోర్జే నేతగాళ్లకు పేరు తెచ్చిందే అది. పల్చటి రెండు పొరలదైతే నెతెలా అంటారు, ఆడవాళ్లు తల మీదుగా వేసుకుంటారు.

కెమెరా మీటరుకు తెలిసింది ఒక్కటే. ఎదురుగా ఏమున్నా దాన్ని నడిమి బూడిదరంగులోకి తేవాలని చూస్తుంది. పెద్దాయన గాబీ నిండా కప్పుకుని ఫ్రేములో కూర్చుంటే తెలుపు ఎక్కువై మీటరు ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది, ముఖం బొగ్గవుతుంది. అదే మనిషి చీకటి గుమ్మంలో నిలబడితే చుట్టూ నలుపు ఎక్కువై ఎక్స్‌పోజర్ పెంచుతుంది. ముఖం పాలిపోతుంది, గాబీ మడతలు తెల్లగా కొట్టుకుపోతాయి. మీరు చూసిన రెండు సగాలూ ఇవే. అందుకే "ఎక్స్‌పోజర్ +1 పెట్టెయ్యండి" అనే గంపగుత్త సలహా ఇక్కడ పనికిరాదు.

మాన్యువల్‌లో తీయండి. స్పాట్ మీటరింగ్ (ఫ్రేములో ఒక్క చిన్న చోటునే కొలిచేది) పెట్టి, వెలుగు పడే వైపు చెంప మీద కొలవండి. బాగా నల్లని చర్మమైతే మీటరు చెప్పిన దానికంటే మూడింట రెండు వంతుల నుంచి ఒక స్టాపు (అంటే వెలుగు సగానికి) వరకు తగ్గించండి. అంటే ఐఎస్ఓ 400, ఎఫ్/4 దగ్గర 1/125 చూపిస్తే 1/200 లేదా 1/250. చామనఛాయ అయితే చూపించినదే ఉంచండి. ఒకసారి కుదిరాక ఆ గుమ్మం ముందు ఎవరొచ్చి కూర్చున్నా అదే ఎక్స్‌పోజర్. మనిషి మారినప్పుడల్లా కొలవక్కర్లేదు, మబ్బు కమ్మితేనో పావుగంట గడిస్తేనో మళ్లీ కొలవండి.

ఇక గాబీ సంగతి. ఒకే వెలుగులో ఉంటే తెల్లబట్ట ముదురు చర్మం కంటే మూడు, మూడున్నర స్టాపులు ఎక్కువ ప్రకాశంగా ఉంటుంది. రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే పచ్చి ఫైలు) దీన్ని హాయిగా మోస్తుంది. ముఖం నీడలో ఉండి గాబీ కొస మీద ఎండ పడితేనే చేతులెత్తేస్తుంది, ఎండ ఇంకో మూడు స్టాపులు కలుపుతుంది కాబట్టి. మధుపర్కాలు కట్టిన జంటను మధ్యాహ్నం పందిట్లో తీసినవాళ్లకు ఈ తంటా కొత్త కాదు, పందిరి సందులోంచి పంచె మీద పడ్డ ఎండ చుక్క ఎలా పాడుచేస్తుందో తెలుసు. అందుకని వెనుక స్క్రీన్ మీద హైలైట్ హెచ్చరిక (తెలుపు కొట్టుకుపోయిన చోట మినుకుమనేది) ఆన్ చేసి ఉంచండి. గాబీ అంచులో ఒకటీ అరా మినుకుమంటే ఫర్వాలేదు, మడతలన్నీ మినుకుమంటే మనిషిని ఇంకాస్త లోపలికి జరపండి. ఎక్స్‌పోజర్ మాత్రం తగ్గించకండి, ముఖం పోతుంది.

ఎక్కడ తీయాలంటే, గుమ్మమే మీ స్టూడియో. దోర్జే ఇళ్లు వెదురు అల్లిక మీద ఎన్‌సెట్ ఆకులు, రెల్లు కప్పిన ఎత్తయిన గుమ్మటాలు, ముందుకు ముక్కులా పొడుచుకొచ్చిన వాకిలి ఉంటుంది. కిటికీలు లేవు కాబట్టి లోపల చీకటి. గడప నుంచి ఒక జానెడో మూరెడో లోపలికి పీట వేసి కూర్చోబెట్టండి. ముఖానికి బయటి ఆకాశం మెత్తటి వెలుగునిస్తుంది, వెనకాల రెండు మీటర్లలోపే నలుపు. మీరు రెండు, రెండున్నర మీటర్ల దూరంలో 50 ఎంఎంతో, కొంచెం పక్కకు జరిగి ఉండండి. సరిగ్గా ఎదురుగా నిలబడితే వచ్చే వెలుగుకు మీ ఒళ్లే అడ్డం, కళ్లలో చుక్కకు బదులు మీ నీడ కనిపిస్తుంది. తూర్పు వాకిలి ఇంటికి సాయంత్రం, పడమటి వాకిలికి పొద్దున వెళ్లాలి. లోపల పొయ్యి రగులుతుంటే పొగ మంచులా ముఖం ముందుకొచ్చి కాంట్రాస్ట్ తినేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో డీహేజ్ చేసుకోవచ్చులే అనుకోకండి, చర్మం గరుకుగా మచ్చలు మచ్చలుగా తేలుతుంది. పొగ తగ్గేదాకా ఆగడమే మేలు.

ముదురు చర్మం మీద రూపు తెలిసేది నీడల కంటే మెరుపుతో. చెక్కిలి ఎముక మీద, ముక్కు దూలం మీద, నుదుటి పక్కన సన్నగా సాగే మెరుపే ముఖానికి లోతు ఇస్తుంది. ఆ మెరుపు మెత్తగా రావాలంటే వెలుగు వచ్చే చోటు పెద్దదిగా ఉండాలి, ఒక పక్క నుంచి రావాలి. తలుపు ఒక రెక్క మూస్తే ఆ పక్కదనం దానంతటదే వస్తుంది. రెండో వైపు మరీ చీకటైతే ఇంట్లోదే ఇంకో గాబీ తెచ్చి మీటరు దూరంలో పట్టుకోమనండి. కొన్న రిఫ్లెక్టర్ల కన్నా బాగా పనిచేస్తుంది, గాలికి ఎగిరిపోదు. నుదుటి మీద నూనె మెరుపు ఉంటే తుడవమని అడగకండి. ఫోటో కోసమే రాసుకుని ఉంటారు.

రంగు దగ్గర మాత్రం జాగ్రత్త. ప్రతి ఇంటి చుట్టూ ఎన్‌సెట్ తోట ఉంటుంది. చూడ్డానికి అరటి చెట్టే, తినేది మాత్రం దుంప, కాండం. ఆ పెద్దాకుల కింద ముఖాలు పచ్చగా వస్తాయి. నీలాకాశం నీడలోనైతే నీలం. ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తానే రంగు సరిచేయడం) ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మారిపోతుంది. బూడిదరంగు కార్డు కూర్చున్నవాళ్ల చేతికిచ్చి ఒక ఫ్రేము తీసి, కస్టమ్‌గా పెట్టుకోండి. గాబీనే తెలుపు అనుకుని దాని మీద వైట్ బ్యాలెన్స్ తీయడం చాలామంది చేసే పొరపాటు. కొత్త గాబీ మీగడ రంగులో, ఉతికింది సబ్బుపొడి వల్ల నీలంగా ఉంటుంది.

వేళ: అర్బా మించ్ 6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఏప్రిల్ మొదట్లో, సెప్టెంబరు మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తినే. కళ్ల గుంటలు నల్లబడతాయి. ఉదయం 7 నుంచి 9 లోపు, సాయంత్రం 4:30 నుంచి 6 వరకు తీయండి. చెంచా వైపు మంచు దిగిన రోజైతే మధ్యాహ్నం 12కైనా తీయవచ్చు, ఆకాశమంతా సాఫ్ట్‌బాక్సే.

కుటుంబం మొత్తాన్ని తీసేటప్పుడు ఎఫ్/2 మోజు వదిలేయండి. 50 ఎంఎం, ఎఫ్/2, 2 మీటర్ల దూరంలో స్పష్టంగా వచ్చే మందం 20 సెంటీమీటర్లు కూడా ఉండదు. ముందు కూర్చున్న అమ్మ కళ్లు స్పష్టంగా ఉంటే వెనక నిలబడ్డ కూతురు మసక. 35 ఎంఎం, ఎఫ్/5.6, 3 మీటర్ల దగ్గర 2.1 నుంచి 5 మీటర్ల వరకు అంతా స్పష్టం. ముందు వరుస కళ్ల మీద ఫోకస్ చేయండి. పిల్లలుంటే 1/250 కంటే కిందకు దిగకండి, అవసరమైతే ఐఎస్ఓ 1600కి వెళ్లండి. ఫోటోలో గింజలాంటి చుక్కలు కనిపించినా ఏం కాదు, కదిలిన ముఖం మాత్రం బాగుచేయలేం.

ప్రింటు_గది

పైన చెప్పిన లెక్కలకు సంతకం. నేను ప్రింటు వరకే చెప్తాను.

ఇన్‌స్టాక్స్ తీసుకెళ్లవద్దు అని నా గట్టి మాట. ఫిల్ము డైనమిక్ రేంజ్ (ఒకేసారి పట్టగల నలుపు తెలుపుల తేడా) చాలా తక్కువ. తెల్ల గాబీ, నల్లని ముఖం ఒకే ఫ్రేములో పెడితే రెండిట్లో ఒకటి పోవాల్సిందే. ఇన్‌స్టాక్స్ మినీ బొమ్మ సైజు 62×46 మిల్లీమీటర్లు, ఏడుగురి కుటుంబాన్ని అందులో ఇరికిస్తే తలలు పెసరగింజలంత. పైగా 5 డిగ్రీల కంటే చల్లబడితే, 40 దాటితే రంగులు దారి తప్పుతాయి. ఫిల్ము 800 స్పీడు కాబట్టి చెక్-ఇన్ బ్యాగులో పడేస్తే స్కానర్లు పొగచూరినట్టు చేస్తాయి. ఒకటే కాపీ, మీ దగ్గర ఏమీ మిగలదు.

క్యానన్ సెల్ఫీ సీపీ వరసలోది డై-సబ్లిమేషన్ (రిబ్బను మీది రంగును వేడితో కాగితానికి ఎక్కించే) ప్రింటర్ సరిపోతుంది. 100×148 మిల్లీమీటర్ల కార్డు, ఒక్కోటి ముప్పావు నిమిషంలో వస్తుంది. కాగితం నాలుగుసార్లు లోపలికీ బయటికీ వెళ్తుంది: పసుపు, మెజెంటా, సయాన్, చివర పారదర్శకమైన పూత. ఆ పూత వల్లే తడి చేత్తో పట్టుకున్నా, మసి అంటినా తుడిస్తే పోతుంది. ఇంక్‌జెట్ ప్రింటు పొగ నిండిన ఇంట్లో, తేమ కొండల్లో అంత బాగా నిలవదు.

రిబ్బనూ కాగితాలూ జంటగా వస్తాయి. ఒక రిబ్బనుకు 36 బొమ్మలు, 108 కాగితాల ప్యాకులో మూడు రిబ్బన్లు. కాగితం ఇరుక్కుంటే ఆ రిబ్బను ముక్క వృథా, కాగితం మిగిలిపోతుంది. లెక్క ఇలా వేసుకోండి: 30 కుటుంబాలకు ఇంటికి రెండు చొప్పున 60. పాడయ్యేవి 6. పక్కింటివాళ్లూ మేనత్తలూ అనుకోకుండా వచ్చి నిలబడతారు, వాళ్లకు 20. మొత్తం 86, ఒక 108 ప్యాకు చాలు. ఇంటికి నాలుగు ఇస్తానని మాటిస్తే మాత్రం ఆ లెక్క తప్పుతుంది. మొదటి ఇంటికి ఎన్నిస్తే చివరి ఇంటికీ అన్నే ఇవ్వాలి, ఊళ్లో లెక్క చూసుకుంటారు.

ఏం పాడవుతుందంటే, మొట్టమొదట దుమ్ము. కాగితం వెనక్కి వచ్చినప్పుడు ప్రింటరు వెనక నుంచి బయటికి పొడుచుకొస్తుంది, గాలిలో దుమ్ము దాని మీద వాలుతుంది. వాలిన చోట రంగు అంటదు, ముఖం మీద తెల్ల చుక్క పడుతుంది. ముదురు చర్మం మీద ఆ చుక్క కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆరుబయట ప్రింటు చేయకండి, గదిలో చేయండి, వెనక ఒక జానెడు ఖాళీ ఉంచండి. కాగితాన్ని అంచులతోనే పట్టుకోండి, మెరిసే వైపు పైకి ఉండేలా ట్రేలో పెట్టండి. వేలిముద్ర పడ్డ చోటా రంగు పట్టదు. రిబ్బను వదులుగా ఉంటే ముడతపడి గీతలొస్తాయి, పెట్టే ముందు గేరును వేలితో తిప్పి బిగించండి. వరసగా చాలా బొమ్మలు తీస్తే లోపల వేడెక్కి కాసేపు ఆగిపోతుంది. చెడిపోయిందని స్విచ్చి ఆపేసి కాగితాన్ని లాగకండి, దానంతటదే మళ్లీ మొదలవుతుంది.

మీ ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద బాగున్న ముఖం ప్రింటులో ఒక మెట్టు నల్లగా వస్తుంది. స్క్రీన్ వెనక దీపం ఉంది, కాగితం వెనక లేదు. పైగా ప్రింటు చూసేది చీకటి ఇంట్లో. మొదటి కుటుంబం ఫోటోను మిడ్‌టోన్లు (నడిమి వెలుగులు) +10, +20, +30తో మూడు ముక్కలుగా ఒకే కార్డు మీద వేసి, ఆ కార్డును గుమ్మం దగ్గర పట్టుకుని చూడండి. ఏది నప్పిందో అదే మిగతా అన్నిటికీ. ప్రింటరులోని ఆటో కరెక్షన్ తప్పక ఆపండి, ముఖాన్ని తెల్లబరచడానికి చూస్తుంది. అర్బా మించ్ పట్నంలో ల్యాబులో వేయించినా ఇదే చెప్పి వేయించండి. కోడాక్ ల్యాబుల్లో దశాబ్దాల పాటు రంగు సరిచూసుకున్న షర్లీ కార్డు మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ ముఖమే, ఆ అలవాటు యంత్రాలకు అంత తేలిగ్గా పోలేదు.

కవరు కూడా ముఖ్యమే. మన స్టేషనరీ షాపుల్లో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు డై-సబ్ రంగును పీల్చేస్తాయి, కొన్నాళ్లకు బొమ్మ కవరుకు అంటుకుపోతుంది. పాలీప్రొపిలీన్ కవర్లు కొనండి, అవి నలిపితే గలగలమంటాయి. వెనక రాయడానికి సీడీ మార్కరు వాడి రెండు నిమిషాలు ఆరనివ్వండి. బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే ముందు వైపు గాడి పడుతుంది.

ఇంకోటి, వాడేసిన రిబ్బను చెత్తలో పారేయకండి. దాని మీద ప్రతి బొమ్మా నెగెటివ్‌లా ఉండిపోతుంది, వెలుతురుకు పట్టి చూస్తే ముఖాలు గుర్తుపట్టవచ్చు. కత్తిరించి కాల్చేయండి.

కొండదారి

ఇద్దరూ యంత్రాల సంగతి చెప్పారు, మనుషుల సంగతి నేను చెప్తాను. స్పాట్‌మీటర్ గారితో ఒక చోట పేచీ కూడా ఉంది.

ముందు అనుమతి. కింది స్థాయి పాలన యూనిట్‌ను కెబెలె అంటారు. మీరు పాఠాలు చెప్పే సంస్థ నుంచి ఒక ఉత్తరం తీసుకుని కెబెలె కార్యాలయంలో చూపించి, ఏ ఊళ్లో ఏం చేస్తారో చెప్పండి. బడి పిల్లల ఫోటోలైతే బడి డైరెక్టరుతో మాట్లాడాలి, తర్వాత తల్లిదండ్రులతో. డైరెక్టరు సరే అన్నంత మాత్రాన తల్లి సరే అన్నట్టు కాదు. 2024లో ఇథియోపియా వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా తెచ్చింది, కాబట్టి "పల్లెటూళ్లో ఎవరడుగుతారు" అనే లెక్క వద్దు. సైనికులు, చెక్‌పోస్టులు, వంతెనలు, విమానాశ్రయం వైపు కెమెరా ఎత్తకండి. డ్రోన్ ఇంట్లోనే ఉంచి వెళ్లండి.

"ఇషీ" అంటే సరే. కానీ మాస్టారు అడిగితే మొహమాటానికి కూడా ఇషీ అంటారు. అమ్హారిక్‌లో ఉపాధ్యాయుణ్ణి మెమ్హిర్ అంటారు, ఆ మాటకు అక్కడ బరువు ఉంది. అది మీకు లాభమూ, చిక్కూ. అడిగి వెంటనే తీయకండి. ఈ వారం అడిగి, వచ్చే వారం వస్తానని చెప్పండి. ఇష్టం ఉన్నవాళ్లు స్నానం చేసి, బట్టలు మార్చుకుని సిద్ధంగా ఉంటారు. ఇష్టం లేనివాళ్లు ఆ రోజు పొలంలో ఉంటారు. నోటితో వద్దని చెప్పించే ఇబ్బంది ఎవరికీ ఉండదు.

వేళ చెప్పేటప్పుడు చాలామంది పప్పులో కాలేస్తారు. అక్కడ గడియారం తెల్లారి ఆరింటికి మొదలవుతుంది. వాళ్ల 1 గంట మనకు ఉదయం 7. మీరు "3 గంటలకు వస్తా" అంటే వాళ్లు మన 9కి ఎదురుచూస్తారు. స్పాట్‌మీటర్ గారి 7 నుంచి 9 అంటే వాళ్ల 1 నుంచి 3, సాయంత్రం 4:30 అంటే 10:30. క్యాలెండరు కూడా వేరు. 13 నెలలు, కొత్త సంవత్సరం సెప్టెంబరు 11న, మన లీపు సంవత్సరానికి ముందు ఏడాదైతే 12న. 2026 జనవరి వాళ్లకు 2018లో వస్తుంది. ప్రింటు వెనక వాళ్ల సంవత్సరమే రాయండి.

పేర్లు: ఇంటిపేరు ఉండదు. సొంత పేరు, తర్వాత తండ్రి పేరు, కావాలంటే తాత పేరు. పెళ్లయినా ఆడవాళ్ల పేరు మారదు. కాబట్టి ఒకే ఇంట్లో భర్తకీ భార్యకీ పిల్లలకీ రెండో పేరు వేర్వేరుగా ఉంటుంది. మీ నోటుబుక్కులో "ఫలానావారి కుటుంబం" అని రాసుకుంటే నెల తర్వాత ఎవరి ప్రింటు ఎవరిదో తేలదు. ప్రతి ఇంటికీ ఒక అంకె ఇవ్వండి. మొదటి ఫ్రేములో ఆ అంకె రాసిన కాగితాన్ని ఇంటి పెద్ద చేతిలో పెట్టి తీయండి. పుస్తకంలో ఆ అంకె ఎదురుగా నిలబడ్డవాళ్ల పేర్లు ఎడమ నుంచి కుడికి రాసుకోండి. పెద్దాయనను గాషే అని, పెద్దావిడను ఎమామా అని పిలిస్తే బాగుంటుంది.

ఇప్పుడు పేచీ. గుమ్మంలో దగ్గరగా, వెనక నలుపుతో తీసిన ముఖం మనకు నచ్చుతుంది. ఇంట్లో గోడకు పెట్టుకునే ఫోటో అంటే వాళ్ల దృష్టిలో నిలువెత్తుగా, చెప్పులతో సహా, కొత్త బట్టలతో, నిటారుగా నిలబడింది. కాళ్లు తెగిన ఫోటో అరకొర ఫోటో. నవ్వమని బతిమాలకండి, గంభీరంగా ఉండటమే మర్యాద. ముందు వాళ్లకు కావలసింది తీయండి, ఆ తర్వాత మీ గుమ్మం ఫోటో. మాలిలో బమాకో పట్నంలో సేయిదూ కేయితా అనే ఫోటోగ్రాఫరు 1950లలో చేసింది ఇదే. పెరట్లో సహజ వెలుగు, వెనక మంచం దుప్పటి, కూర్చున్నవాళ్లు కోరుకున్న గడియారమో రేడియోనో పక్కన. మీరూ రెండు మీటర్లు వెడల్పు, మూడు మీటర్లు పొడవు ఉన్న ముదురు బూడిదరంగు గుడ్డ ఒకటి తీసుకెళ్లండి. కింది అంచు నేల మీద మీటరు దాకా పరిచి దాని మీదే నిలబెడితే పాదాలతో సహా వస్తారు. నీడ ఉన్న గోడకు కట్టండి, అంచుల్లో రాళ్లు మూటకట్టి వేలాడదీయకపోతే కొండగాలికి తెరచాపలా ఉబ్బుతుంది. వాళ్లే దోర్జే నేతగుడ్డ తెచ్చి కడతామంటే మరీ మంచిది. ఎరుపు, పసుపు, నలుపు చారల దుంగుజా గుడ్డ అయితే నిలబడ్డవాళ్లను మీటరున్నర ముందుకు తేండి, లేకపోతే చారలు ముఖాలను మింగేస్తాయి.

పసిబిడ్డల విషయంలో జాగ్రత్త. బుదా అని దిష్టి నమ్మకం బలంగా ఉంది. "ఎంత ముద్దుగా ఉన్నాడో" అని మెచ్చుకుంటూ కెమెరా ఎత్తితే తల్లి గాబీ కొంగు ముఖం మీదకు లాగుతుంది. మనకు అది విడమరిచి చెప్పాల్సిన సంగతి కాదు. మెచ్చుకోకుండా అడగండి, వద్దంటే వదిలేయండి. బట్టలు లేని పిల్లలను తీయకండి, చుట్టుపక్కల ఎవరూ ఏమీ అనకపోయినా సరే.

డబ్బు గురించి: దక్షిణ ఓమో లోయ వైపు పర్యాటకులు ఫోటోకు ఇంతని ఇచ్చి అలవాటు చేశారు, పర్యాటకులు వచ్చే దోర్జే ఊళ్లలోనూ అడుగుతారు. మీరు అక్కడే ఉండి పాఠాలు చెప్పే మనిషి, ఒక్కసారి తలకింతని ఇస్తే రెండేళ్లూ ఇవ్వాలి, పిల్లలు బడి మానేసి మీ వెంట తిరుగుతారు. ప్రింటే చెల్లింపు అని మొదటే చెప్పండి. ఊరి సంఘం రుసుము ఉంటే అది మాత్రం కట్టి రసీదు తీసుకోండి. ప్రింట్లు పిల్లల చేతికిచ్చి పంపకండి. సగం దారిలో చిరుగుతాయి, లేదా పక్కవాడు లాక్కుంటాడు. ఇంటికి వెళ్లి ఇవ్వండి, కాఫీ తాగి రావాల్సి వస్తుంది. అబోల్, తోనా, బరకా అని మూడు విడతలు పోస్తారు, మొదటిదానికే లేచి వస్తే బాగుండదు. కాబట్టి సాయంత్రానికి మూడిళ్లకు మించి పెట్టుకోకండి.

ఇక మన ఫేస్‌బుక్‌లో పెట్టే సంగతి. లొకేషన్ తీసేయండి, పిల్లల పేరూ బడి పేరూ కలిపి రాయకండి, బడి యూనిఫాం మీద పేరు ఉంటే కత్తిరించండి. "ఆఫ్రికా పేద పిల్లల అమాయక నవ్వులు" లాంటి తలకట్టు దయచేసి వద్దు. వాళ్ల నాన్న నేతగాడు, మీకంటే మంచి గుడ్డ కట్టుకున్నాడు.

బోర్డుచాక్‌పీస్

చాలా ఉపయోగపడింది, ముగ్గురికీ ధన్యవాదాలు. రెండే సందేహాలు. ఫ్లాష్ అసలు అక్కర్లేదా? ఒక తరగతిలో 60 మంది పిల్లలుంటే గ్రూపు ఫోటో ఎలా?

స్పాట్‌మీటర్

కొండదారి గారి పేచీకి ఒప్పుకుంటున్నా. నిలువెత్తుది ముందు, గుమ్మం తర్వాత.

కెమెరా మీద పెట్టి నేరుగా కొట్టే ఫ్లాష్ వద్దు. ముదురు చర్మం మీద నుదుటిన, ముక్కు మీద చిన్న తెల్ల మచ్చలు పేలుతాయి, మధ్యలో రూపు ఉండదు. వాన ముసిరి గుమ్మం వెలుగు చాలకపోతే ఫ్లాష్‌ను విడిగా తీసి, తెల్ల గాబీ వైపు తిప్పి కొట్టి ఆ వెలుగు ముఖానికి చేరనివ్వండి. పవరు 1/4 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి.

60 మందికి నాలుగు వరుసలు, వరుసకు 15. ముందు వరుస నేల మీద, రెండోది బెంచీల మీద, మూడోది నిలబడి, నాలుగోది బెంచీల మీద నిలబడి. మనిషికి 40 సెంటీమీటర్ల చొప్పున వరుస 6 మీటర్లు. 35 ఎంఎంతో అది పట్టాలంటే కనీసం 7 మీటర్లు వెనక్కి వెళ్లాలి. 24 ఎంఎం పెట్టి దగ్గరగా తీస్తే చివరి పిల్లల తలలు గుమ్మడికాయల్లా సాగుతాయి. వరుసల చివర్లు కొంచెం మీ వైపు వంచండి. ఎఫ్/8, 1/250, ముందు నుంచి రెండో వరుస మీద ఫోకస్. కెమెరాను మీ తలకన్నా ఎత్తులో, కుర్చీ మీద నిలబడి పట్టుకోండి. బడి గోడ నీడ మొత్తం 60 మంది మీదా పడే వేళ ముందురోజే చూసుకోండి, సగం ఎండ సగం నీడ అయితే ఎవరూ బాగుచేయలేరు. కనీసం 8 ఫ్రేములు తీయండి. 60 మందిలో ఎవరో ఒకరు ప్రతిసారీ కళ్లు మూస్తారు, తర్వాత ఆ ముఖాన్ని పక్క ఫ్రేములోంచి తెచ్చి అతికించుకోవచ్చు.

సెల్లుచాలు

కెమెరా లేనివాళ్లు చదువుతుంటారని ఇది. ఫోనుతో తీస్తే మొదట బ్యూటీ మోడ్ పూర్తిగా ఆపండి. కొన్ని ఫోన్లలో అది సున్నాలో పెట్టినా చర్మాన్ని కొంత తెల్లబరుస్తుంది, కాబట్టి ప్రో మోడ్‌లో తీయడం మంచిది. ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్ తాళం పడుతుంది, తర్వాత సూర్యుడి గుర్తును కొంచెం కిందకు లాగండి. పోర్ట్రెయిట్ మోడ్ ఉంగరాల జుట్టు అంచునూ గాబీ కుచ్చులనూ కోసేస్తుంది, వాడకండి. దాని బదులు 2× పెట్టి రెండడుగులు వెనక్కి వెళ్లండి.

ప్రింటు_గది

సామాను సర్దేటప్పుడు ఒక్క మాట. అక్కడ 220 వోల్టులే, కానీ ప్లగ్గులు యూరప్ తరహా రెండు గుండ్రటి పుల్లలవి. మన మూడు పుల్లల ప్లగ్గు ఎక్కదు, రెండు అడాప్టర్లు ఇక్కడే కొనండి. కెమెరా, ప్రింటరుల విడి బ్యాటరీలూ పవర్‌బ్యాంకూ చేతి బ్యాగులోనే పెట్టాలి, చెక్-ఇన్‌లో ఒప్పుకోరు. కొండ మీద కరెంటు నమ్ముకోవద్దు, ప్రింటరుకు దాని సొంత బ్యాటరీ కొనుక్కుని ముందురోజు రాత్రి పట్నంలోనే నింపుకుని వెళ్లండి. రిబ్బన్లు, కాగితాలు రెండేళ్లకూ సరిపడా ఇక్కడి నుంచే తీసుకెళ్లండి, అక్కడ కొనుక్కోవచ్చులే అని కూర్చోవద్దు. సీలు విప్పని ప్యాకులను స్టీలు డబ్బాలో, తడి పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. మార్చి చివర నుంచి మే దాకా వానలు. ఆ నెలల్లో విప్పిన కాగితం తేమకు వంకర తిరుగుతుంది, వంకర కాగితమే ప్రింటరులో ఇరుక్కుంటుంది.